పొరపాటు మాస్టారి పాఠాలు

తప్పు చేయని మనిషి లోకంలో ఉండడు. చేసిన తప్పుని దాచుకోని మనిషి అరుదుగా ఉంటాడు. తప్పు చేస్తున్నంతసేపూ దాన్ని వీడియో తీసి, తనే వ్యాఖ్యానం చెప్పి, ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా ఆఫీసంతా పంచిపెట్టే మనిషి మాత్రం ఆ ఆసుపత్రిలో ఒక్కడే ఉండేవాడు. ఆయన్ని పొరపాటు మాస్టారు అనేవారు.

నిజానికి ఆయన మాస్టారు కాడు. కంప్యూటర్లు బాగుచేసే మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తలుపు తగులుతుందని వంగి నడవడం అలవాటై, వంగక్కర్లేని తలుపుల దగ్గర కూడా వంగేవాడు. ఆయన బల్ల నేలమాళిగలో, రికార్డుల గది మూల ఉండేది. గోడకి అటుపక్క శవాల గది. అక్కడి శీతలయంత్రం రోజంతా గుర్రుపెడుతూనే ఉండేది. కొత్తవాళ్లెవరైనా "అదేం చప్పుడండీ?" అని అడిగితే పెద్దగుమస్తా తలెత్తకుండా "పక్కింటివాళ్లు పడుకున్నారు" అనేవాడు.

వదిన ఆ గదికి వచ్చింది భర్త పోయాక. ఆయన అదే ఆసుపత్రిలో అంబులెన్స్ నడిపేవాడు. ఆసుపత్రి మొత్తానికి ఆయన అన్న కాబట్టి, ఈవిడ మొత్తానికి వదిన అయింది. రోగిని దించి తిరిగొస్తూ ఓ వానరోజున బండితో సహా కాలవలో పడ్డాడు. ఆ ఉద్యోగానికి బదులు ఆవిడకి ఉద్యోగమిచ్చారు. భర్తని ఆఖరిసారి చూసిన గోడకి ఇటుపక్క కుర్చీ చూపించి, కూర్చోమన్నారు. ఇంట్లో మంచం దిగలేని అత్తగారు, బడికెళ్లే కూతురు. కూర్చుంది.

ఆ ఏడాదే పాత కంప్యూటర్లు తీసేసి లినక్సు కంప్యూటర్లు పెట్టారు. తెర వెలగ్గానే పెంగ్విన్ బొమ్మ వచ్చేది. పెద్దగుమస్తా దాన్ని చూసి "ఈ బాతేమిటి?" అన్నాడు. అంతే, అవి బాతు కంప్యూటర్లయిపోయాయి. పై అంతస్తు నుంచి పాలనాధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని దిగొచ్చాడు.

"వేసవి దాటాక పరీక్ష పెడతాం. నేర్చుకున్నవాళ్లు ఉంటారు. నేర్చుకోనివాళ్ల సంగతి నేను విడిగా చెప్పక్కర్లేదు" అన్నాడు. తర్వాత మూలకి తిరిగి, "ఏమయ్యా, ఆ కంప్యూటర్ తెరని అలాగే వీడియో తీసి వీళ్లకి పాఠాలు చెయ్యి. చిన్నగా, శుభ్రంగా ఉండాలి" అన్నాడు.

అలా ఆయన మాస్టారయ్యాడు. పొరపాటు ఆ వారంలోనే వచ్చి చేరింది.

మొదటి పాఠంలో తెరంతా నల్లగా ఉంది, గొంతు మాత్రం వినిపించింది. "చూశారుగా, ఎంత సులువో!" అని చీకట్లోంచి మాస్టారి గొంతు. రెండో పాఠంలో బొమ్మ వచ్చింది, గొంతు పోయింది. మైకుకి బదులు కంప్యూటర్ తన చప్పుళ్లు తనే రికార్డు చేసుకుంది. పాఠం పొడుగునా టింగు టింగుమని గంటలు తప్ప ఏమీ లేవు. మూడో పాఠం కంప్యూటర్ ఆపడం గురించి. ఆపగానే రికార్డింగు కూడా ఆగిపోయి, ఫైలు గల్లంతయింది. మళ్లీ తీశాడు, మళ్లీ గల్లంతయింది. ఆఖరికి ఫోనుని మందు సీసాకి ఆనించి నిలబెట్టి తీశాడు. ఆ మూడూ పంచాడు, నల్లదానితో సహా.

"నల్ల వీడియో ఎందుకండీ పంపారు?" అని ఇస్త్రీ అడిగాడు. ఇస్త్రీ అంటే టైపిస్టు కుర్రాడు. చొక్కా మడత నలగకుండా ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చేవాడని ఆ పేరు.

"రేపు నీకూ నల్లగా వస్తే, నా ఒక్కడికే వచ్చిందని కంగారు పడతావుగా బాబూ" అన్నాడు మాస్టారు. "లాగిన్ తెర మూలన చిన్న పళ్లచక్రం గుర్తుంది. అది నొక్కి, రెండో రకం ఎంచుకుని లోపలికెళ్తే నలుపు పోతుంది. అదీ చెప్పాను, ఆఖర్లో."

"ఆఖరిదాకా ఎవరు చూస్తారండీ, చీకటిని?"

అక్కణ్ణుంచి ఆయన పద్ధతి కుదిరింది. బాణంగుర్తు చుట్టూ పచ్చటి వలయం పెట్టేవాడు. దాన్ని తెర మీద ఎంత నెమ్మదిగా కదిపేవాడంటే, చూపు లేని మనిషిని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నట్టుండేది. ప్రతి పాఠం ఒకటే మాటతో మొదలు: "అందరికీ నమస్కారం. ఈరోజు పాఠం చాలా సులువు. మీరు కంగారు పడకండి, నేను పడతాను." పడేవాడు కూడా.

రికార్డుల ప్రోగ్రాములోకి వెళ్లాలంటే టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాలి. ఈ బాతు మర్యాద ఏమిటంటే, పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. వీడియోలో మాస్టారు కొట్టాడు. ఏమీ పడలేదు. "అయ్యో, కీబోర్డు చచ్చిపోయినట్టుంది" అన్నాడు. కీబోర్డు బోర్లించి తట్టాడు, ఆ తట్టడం కూడా మైకులో డబడబమంది. మళ్లీ కొట్టాడు, మళ్లీ తట్టాడు. చాలాసేపటికి, "ఓహో! ఇది పనిచేస్తూనే ఉందండీ, సిగ్గుపడి చూపించడం లేదంతే" అన్నాడు. గదంతా కడుపు పట్టుకుని నవ్వింది. అందరికంటే గట్టిగా పెద్దగుమస్తా నవ్వాడు.

ఇంకోసారి ఏదో రెండు మీటలు కలిపి నొక్కేసరికి తెర మీదున్నదంతా మాయమైంది. "నా పొద్దుటి పనంతా పోయిందండీ!" అని మాస్టారు వీడియోలోనే గొల్లుమన్నాడు. తీరా చూస్తే ఈ కంప్యూటర్‌లో ఒకే అద్దం వెనక నాలుగు గదులుంటాయి, ఆయన పక్క గదిలోకి వెళ్లాడు, అంతే. పని మొదటి గదిలో భద్రంగానే ఉంది. ఇస్త్రీ ఆ వీడియో చూస్తూ చొక్కా నలిగిపోతున్నా పట్టించుకోకుండా నవ్వాడు.

వదినకి మాత్రం చుక్క పాఠం ఇష్టం. ఫైలు పేరుకి ముందు పొరపాటున చుక్క పడితే ఆ ఫైలు కనబడకుండా దాక్కుంటుంది. ఆ చుక్కతో ఆవిడ ఓసారి పిల్లల వార్డు జాబితా మొత్తం పోగొట్టుకుంది. ఉద్యోగం పోయిందనే అనుకుని, మాస్టారి బల్ల దగ్గరికెళ్లి గుసగుసగా చెప్పింది. ఆయన కంట్రోల్ మీట మీద వేలుంచి 'హెచ్' నొక్కాడు. జాబితా ప్రత్యక్షమైంది. తర్వాత కొన్నాళ్లకి వచ్చిన వీడియోలో ఆయనకీ అచ్చం అదే జరిగింది. "నా ఫైలేదీ! ఇప్పుడేగా ఇక్కడ పెట్టాను!" అని వెతుకులాట. వదిన నవ్వుకుంటూ, "పాపం, ఈయన నాకంటే అయోమయం" అనుకుంది. ఆ రోజు అన్నం సయించింది.

పాలనాధికారికి మాత్రం సయించలేదు.

"ఫైలుకి పేరు పెట్టడానికి ఇంతసేపు వీడియోనా?"

"పేరు పెట్టడం తొందరగానే అయిందండీ. పెట్టకూడని పేరు పెట్టి వెతుక్కోవడానికే కాస్త టైము పట్టింది."

"అది తీసేయొచ్చుగా?"

"అది తీసేస్తే పాఠంలో ఏం మిగులుతుందండీ?"

ఆ వీడియోల్లో ఇంకో సంగతి కూడా ఉండేది. గోడకి అటుపక్క ఎవరినైనా తీసుకొచ్చినప్పుడు, వెంట వచ్చినవాళ్ల ఏడుపు మైకులో పడేది. అప్పుడు మాస్టారు పాఠం ఆపి, "ఒక్క నిమిషం ఆగుదాం" అనేవాడు. పచ్చటి వలయం ఉన్నచోటే నిలబడిపోయేది. ఏడుపు దూరమయ్యాక, "సరే, ఇప్పుడు ఇక్కడ నొక్కుదాం" అని మొదలుపెట్టేవాడు.

"అదైనా కత్తిరించండి మాస్టారూ" అన్నాడు ఇస్త్రీ.

"వాళ్ల ఏడుపుని కత్తిరించడానికి మనమెవరం బాబూ?" అన్నాడు ఆయన. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

పరీక్ష దగ్గరపడుతుండగా అసలు ఘోరం జరిగింది. చేసింది వదిన.

వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు ఉన్నారు, ఒక లారీ మెకానిక్కు, ఒక దర్జీ. తెల్లారగట్ల దర్జీ పోయాడు. పొద్దున డ్యూటీలోకి రాగానే ఆ సంగతి నమోదు చేయాల్సింది వదిన. జాబితాలో దర్జీ పేరు మీద నొక్కబోతుండగా తెర ఒక వరస జరిగింది. వేలు ఆగలేదు. లారీ మెకానిక్కు చనిపోయాడు. దర్జీ బతికాడు.

మధ్యాహ్నం మెకానిక్కుకి భోజనం రాలేదు. అడిగితే, "ఈ మంచానికి ఇవాళ లేదండీ" అన్నారు. కాసేపటికి స్ట్రెచర్ తోసుకుంటూ ఇద్దరు వచ్చారు.

"ఏమిటయ్యా?"

"మీరు పోయారని రాసుందండీ."

"నేనెక్కడికి పోయానయ్యా! పొద్దుట్నుంచి బాత్రూముకి కూడా పోలేదు!"

వార్డంతా నవ్వింది, ఆయన కూతురు వచ్చేదాకా. ఆ పిల్లకి ఫోను వెళ్లిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి, మంచం మీద తిడుతూ కూర్చున్న తండ్రిని చూసి, గుమ్మంలోనే కుప్పకూలింది.

దర్జీ భార్య సంగతి అంతకంటే అన్యాయం. పొద్దుట్నుంచి ఆవిడ అడిగినప్పుడల్లా విచారణ కిటికీ దగ్గర కుర్రాడు తెర చూసి, "బాగానే ఉన్నారమ్మా, లోపల చూస్తున్నారు" అని చెబుతూనే ఉన్నాడు. ఆవిడ నడవాలో బెంచీ మీద కూర్చుని, ఆయన లేస్తే పెడదామని కమలాపండు వలుస్తోంది. తొనల మీద తెల్ల పీచు కూడా ఓపిగ్గా తీస్తోంది.

వదినకి విషయం తెలిసింది. పైకి పిలుపు వస్తుందని తెలుసు. కానీ ముందు అటు వెళ్లలేదు. నడవాలోకి వెళ్లి బెంచీ ముందు నేల మీద కూర్చుంది.

"అమ్మా, మీ ఆయన తెల్లారగట్లే పోయారు. ఎవరి పేరో నొక్కబోయి ఎవరి పేరో నొక్కాను. తప్పు నాదమ్మా."

ఆవిడ వలవడం ఆపలేదు. పండు పూర్తయ్యాక తొనలన్నీ వదిన చేతిలో పెట్టింది.

"నువ్వు తిను. ఆయన తినడుగా" అంది. వేళ్లు కొంగుకి తుడుచుకుని, "పొద్దుట్నుంచీ బతికే ఉన్నాడనుకున్నాను" అంది. అది తిట్టో దీవెనో వదినకి తెలియలేదు. బంధువులెవరైనా వచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చుంది. అలాంటి చోట ఒంటరిగా కూర్చోవడమంటే ఏమిటో వదినకి తెలుసు.

వదిన లేచి పై అంతస్తుకి వెళ్లేసరికి అంతా అయిపోయింది. పాలనాధికారి గదిలోంచి మాస్టారు వంగి బయటికి వస్తున్నాడు.

"అయిపోయింది వదినగారూ. మీరు వెళ్లి పని చూసుకోండి."

"ఏం చెప్పారు మాస్టారూ లోపల?"

"ఉన్నదే చెప్పాను. పాఠం రికార్డు చేస్తూ చేస్తూ, ఉత్తుత్తి జాబితా అనుకుని అసలు జాబితా మీద నొక్కేశానని."

"అది అబద్ధం!"

"మెల్లిగా" అన్నాడు ఆయన.

ఆయన మాట నమ్మడానికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆయన తెలివితక్కువతనానికి ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌లోనూ వీడియో రుజువులున్నాయి. ఆ సాయంత్రమే ఆయన్ని పొమ్మన్నారు. ఒక చిన్న మైకు, ఊపిరి చప్పుడు పడకుండా దానికి చుట్టిన మేజోడు సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు.

వదిన పాలనాధికారి గదిలోకి వెళ్లింది.

"సార్, ఆ తప్పు నేను చేశాను. ఆయన కాదు."

పాలనాధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు. "తెలుసమ్మా. ఏ పేరుతో లోపలికెళ్లి నొక్కారో కంప్యూటర్‌లో ఉంటుంది. మీ పేరే ఉంది."

"మరి ఆయన్నెందుకు పంపేశారు?"

"పైవాళ్లు ఒక తల అడిగారు. ఆయన తనంతట తాను వంచాడు. ఇప్పుడు మీరూ వంచితే రెండు తలలు పోతాయి. మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ఆయన నాకు చెప్పే వెళ్లాడు. వెళ్లండమ్మా."

వదిన మెట్ల మీద చాలాసేపు నిలబడింది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఒరుసుకుంటూ పోయారు.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం వదిన, ఇస్త్రీ, పెద్దగుమస్తా ముగ్గురూ ఒకే తెర ముందు చేరారు. చదువుకోవడానికి ఉన్నవి మాస్టారి పాఠాలే. నల్ల కిటికీ పాఠం నడుస్తోంది. కీబోర్డు బోర్లించి తడుతున్న డబడబ. ఇస్త్రీ అలవాటుగా నవ్వాడు. పెద్దగుమస్తా నవ్వలేదు.

"ఏమండీ, ఇవాళ నవ్వు రావడం లేదా?"

"నవ్వానోయ్, ఇన్నాళ్లూ" అన్నాడు పెద్దగుమస్తా. "కీబోర్డు చచ్చిందని బోర్లించి తట్టింది నేనే. రహస్యంగా వచ్చి చూడమని ఆయన్ని పిలిచాను. తర్వాత వీడియోలో చూసి, ఈయన కూడా నాలాంటివాడే, ఫరవాలేదు అనుకున్నాను."

ఇస్త్రీ మొహం మారింది. "పక్క గదిలోకి పోయి గొల్లుమనడం..."

"నువ్వా?"

"నేనే. ఆయన బల్ల దగ్గర నిజంగానే ఏడ్చాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను."

"చుక్క పాఠం నాది" అంది వదిన.

ముగ్గురూ తెర వైపు చూశారు. "మీరు కంగారు పడకండి, నేను పడతాను" అంటున్నాడు మాస్టారు. ఇన్నాళ్లూ గదిలో ఎవరి తప్పూ ఎవరికీ తెలియదు. అన్నీ ఆయనవే అనుకున్నారు. పెద్దగుమస్తా అంత వయసువాడూ రుమాలు తీసి ముక్కు చీదుకుని, "బాతు" అని గొణిగాడు. ఎవరిని అన్నాడో ఎవరూ అడగలేదు.

ముగ్గురూ పరీక్ష గట్టెక్కారు. ఆ కబురు చెబుదామని ఓ ఆదివారం పొద్దున వదిన మాస్టారింటికి వెళ్లింది. టైర్ల దుకాణం మీద ఒంటి గది. కింద నుంచి రబ్బరు వాసన. ఇనప మెట్లెక్కి తలుపు తోస్తే ఆయన చెవులకి హెడ్‌ఫోన్లతో ఉన్నాడు. ఇంకా చిక్కాడు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. ఇంకెక్కడా ఉద్యోగం దొరకలేదు. చిన్న చిన్న ఆసుపత్రులకి కూడా బాతు కంప్యూటర్లే వెళ్తున్నాయని, పాఠాలు తీసిపెట్టమని ఎవరో అడిగారట. ఇస్తామన్న డబ్బు ఇంకా ఇవ్వలేదట. అయినా తీస్తున్నాడు.

కబురు విని ఆయన సంతోషంతో లేచి, తల ఫ్యానుకి తగలబోతే కూర్చున్నాడు.

"అందరి తప్పులూ మీ నెత్తినెందుకు వేసుకున్నారు మాస్టారూ?" అంది వదిన. "మా పేర్లు చెప్పకుండా కూడా పాఠం చెప్పొచ్చుగా?"

ఆయన మైకు తీగ వేలికి చుట్టుకున్నాడు.

"నాకు జోకులు చెప్పడం రాదు వదినగారూ. చిన్నప్పట్నుంచీ ప్రయత్నించాను, ఎవరూ నవ్వలేదు. తప్పు చేస్తే మాత్రం అందరూ నవ్వుతారు. ఆ గోడ పక్కన రోజంతా కూర్చునే మనుషులు, రోజుకొక్కసారైనా నవ్వకపోతే ఎలా? నా దగ్గర సరుకు లేదు. మీ దగ్గర తీసుకున్నాను. అంతకంటే ఏం లేదు."

వదిన కిటికీలోంచి టైర్ల గుట్ట వైపు చూసి, మాట మార్చడానికి, "కొత్త పాఠం చూపించండి" అంది.

ఆయన ఉత్సాహంగా నొక్కాడు. ఇప్పుడాయనకి రెండు తెరలున్నాయి, ఎవరో పారేసిన పాతదొకటి తెచ్చి తగిలించుకున్నాడు. వీడియో మొదలైంది. తెర నిండా నీలం రంగు, ఇంకేమీ లేదు. మాస్టారి గొంతు వినిపిస్తోంది: "ఇప్పుడు ఇక్కడ నొక్కండి. ఆ, వచ్చింది చూశారా? దీని పక్కనున్నది వదిలేయండి. ఎంత అందంగా కుదిరిందో!" నీలం రంగు అలాగే ఉంది. వదిన ఓపిక పట్టింది. గొంతు రెండో మెట్టు, మూడో మెట్టు చెబుతూ పోయింది. తెర మీద చీమ కూడా కదల్లేదు.

"మాస్టారూ, ఇందులో మీరు పనిచేస్తున్నది ఏ తెర? రికార్డయింది ఏ తెర?"

ఆయన ఈ తెర చూశాడు. ఆ తెర చూశాడు. పాఠమంతా ఎడమ తెర మీద చేసి, ఖాళీగా ఉన్న కుడి తెరని అంతసేపూ రికార్డు చేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయన సిగ్గుపడటం ఆవిడ చూడటం అదే మొదటిసారి.

"ఇది ఎవరి తప్పు మాస్టారూ? ఎవరి దగ్గర తీసుకున్నారు?"

"ఇది... ఇది నాదే" అన్నాడు ఆయన, గొంతు సగానికి తగ్గించి. చెయ్యి గబగబా మౌసు మీదికి పోయింది. "తీసేస్తాను. ఇంత ఘోరమైన తప్పు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? పెద్దగుమస్తాగారికి మాత్రం చెప్పకండి వదినగారూ, మీకు దణ్ణం పెడతాను."

వదినకి నవ్వాగలేదు. ఆ ఏడాది మొత్తంలో లోపల ఉండిపోయిందంతా ఒక్కసారి బయటపడ్డట్టు నవ్వింది. కింద టైర్ల దుకాణంవాడు ఏమైందోనని తలెత్తి చూశాడు. మాస్టారు ముందు చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత ఆయనకీ నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ వదిన కళ్లు తుడుచుకుని, స్టూలు జరుపుకుని ఆయన పక్కన కూర్చుంది. ఎడమ తెర అంచు మీద వేలితో తట్టింది.

"ఇదిగో, ఇది తెర. మళ్లీ మొదలుపెట్టండి. నేను చూస్తుంటాను."